పొగమంచులో ఓడ

పాఠ్యభాగము: అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయమంతయు, 28వ అధ్యాయము మొదటి మూడు వచనములు. తరగతికి వచ్చుటకు ముందు ఇంటివద్ద ఒకసారి బిగ్గరగా చదువుకొనవలెను.

కొత్తవలసవారికి సముద్రము కనబడదు గాని పొగమంచు బాగుగా తెలియును. పుష్యమాసపు తెల్లవారుజామున మన స్టేషనులో నిలిచినవారికి బండి కంటబడుటకు చాలముందే దాని కూత వినబడును. విశాఖపట్నమునుండి విజయనగరము పోవు దారి యొకటి, అనంతగిరి కొండలెక్కి అరకు మీదుగా కిరండూలు పోవు దారి యొకటి ఇచ్చటనే విడిపోవును. ఆ కొండదారి శిమిలిగూడ యొద్ద 996 మీటర్ల ఎత్తునకు చేరును. అచ్చటి మంచు సంగతి ఆ దారిని పనిచేయు మన సహోదరులనడిగిన చెప్పుదురు.

రైలువారికి మంచు విషయమై పాత నియమములు కొన్ని కలవు. స్టేషను మాస్టరు తన గది యొద్దనుండి 180 మీటర్ల దూరములో నిర్ణయింపబడిన ఒక వస్తువును చూచును. అది కనబడనియెడల మంచు దట్టముగా నున్నదని లెక్క. ఆయనకు ఎట్లు తోచుచున్నదన్నది ప్రశ్న కాదు. ఆ వస్తువు కనబడినదా లేదా అన్నదే ప్రశ్న. కనబడకపోయిన, మనిషిని పంపి, సిగ్నలునకు 270 మీటర్ల ఇవతల పట్టాపైన డిటొనేటర్లు రెండు, పది మీటర్ల ఎడముగా బిగింపజేయును. ఇంజను చక్రము వాటిపైకి ఎక్కగానే అవి పటాసులవలె ప్రేలును. డ్రైవరునకు ఏమియు కనబడకున్నను సిగ్నలు దగ్గరపడినదని చెవికి తెలిసిపోవును. ఇప్పుడు ఉపగ్రహముల సహాయముతో దూరము తెలుపు యంత్రములును ఇంజనులలోనికి వచ్చినవి. ఏది వచ్చినను ఏర్పాటులోని తాత్పర్యము ఒక్కటే: కన్ను పనిచేయనప్పుడు డ్రైవరు తన అంచనాను నమ్ముకొని పోకూడదు, బయటనుండి వచ్చు సాక్ష్యమొకటి ఉండవలెను.

ఈ నెల పాఠములో మనము నేర్చుకొనవలసినదియు ఇదే గనుక రైలు సంగతితో మొదలుపెట్టితిమి. ఇక సముద్రము యొద్దకు పోవుదము.

మనకు ఈశాన్యమున, పూసపాటిరేగ మండలములో, చింతపల్లి తీరమున ఒక దీపస్తంభమున్నది. పూర్వపు ఆంగ్లేయుల పుస్తకములలో ఈ ఊరి పేరు సంటపిల్లి అని యుండును. ఆ రోజులలో భీమునిపట్నము పెద్ద రేవు. గోగునార, నూనెగింజలు, కరక్కాయలు ఓడలకెక్కుచుండెడివి. మన జిల్లాల కూలిజనము రంగూనుకు పోయినదియు ఈ తీరపు రేవులనుండియే. భీమునిపట్నము వచ్చు ఓడలకు చింతపల్లి యెదుట, తీరమునకు కొన్ని మైళ్ళ దూరమున, నీటిలో శిలలు అపాయకరముగా నుండెను. అందుచేత 1847లో అచ్చటి చిన్న కొండమీద దీపము నెలకొల్పిరి. పగలు కొండను చూచి, రాత్రి దీపమును చూచి ఓడవారు తాము ఎక్కడనున్నారో తెలిసికొనుచుండిరి.

అయితే దీపమునకు ఒక శత్రువు కలదు. చీకటి దానిని ఏమియు చేయలేదు. చీకటిలోనే దాని ప్రకాశము. పొగమంచు మాత్రము దానిని మ్రింగివేయును. మంచు అనగా నేలకు దిగిన మేఘమే. గాలిలోని తేమ చల్లబడి కంటికందనంత చిన్న నీటిబొట్లయి గాలిలో తేలుచుండును. దీపపు కాంతి ఆ బొట్లకు తగిలి నలుదిక్కుల చెదరిపోవును. వెయ్యి మీటర్ల దూరముననున్నది కనబడనప్పుడు వాతావరణ శాఖవారు దానిని పొగమంచు అందురు. మన ప్రాంతములో నేల రాత్రివేళ చల్లబడుటవలన శీతకాలపు మంచు పుట్టును, ప్రొద్దెక్కగానే విడిపోవును. చల్లని సముద్రములమీద అట్లుకాదు. వెచ్చని తేమగాలి చల్లని నీటిమీదికి వచ్చి మంచై, పగలనక రాత్రియనక నిలిచియుండును. అమెరికా దేశపు పడమటి తీరమగు కాలిఫోర్నియా అట్టిది. అచ్చట జరిగిన ఒక సంగతిని కొంచెము విరివిగా చెప్పవలెను.

1923 సెప్టెంబరు 8వ తేదీన అమెరికా నావికాదళమునకు చెందిన డిస్ట్రాయరులను యుద్ధనౌకలు పదునాలుగు, శాన్ ఫ్రాన్సిస్కో రేవు విడిచి దక్షిణమునకు శాన్ డియేగో పోవుటకు బయలుదేరెను. అన్నియు వేగము గలవి. గంటకు 20 నాట్లు, అనగా సుమారు 37 కిలోమీటర్ల వేగముతో, ఒకదాని వెనుక ఒకటి పోవుచుండెను. ముందు నడచు ఓడ పేరు డెల్ఫీ. దళపతియగు కెప్టెన్ ఎడ్వర్డ్ వాట్సన్ అందులోనే యుండెను. ముందున్న ఓడను అనుసరించుటయే వెనుకవాటి పని. మంచువలన తీరము కనబడలేదు. ఎంత వేగముతో, ఏ దిక్కుగా, ఎన్ని గంటలు వచ్చితిమో గుణించి, ఇప్పుడు ఇక్కడ ఉండవలెనని పటముమీద గుర్తుపెట్టుకొనుచు పోయిరి. సముద్రముమీద ఇది తప్పు పద్ధతి కాదు. అయితే నీటి ప్రవాహము ఓడను ఎంత వెనుకకు లాగినదో, ఎంత ప్రక్కకు నెట్టినదో ఆ లెక్కకు తెలియదు. ఆ దినములలోనే, సెప్టెంబరు 1న, జపానులో గొప్ప భూకంపము కలిగెను. దానివలన సముద్రములో ప్రవాహములు మారియుండవచ్చునని తరువాత పలువురు అభిప్రాయపడిరి.

తీరముమీద ఒక రేడియో కేంద్రముండెను. ఓడ అడిగినయెడల, నీ సంకేతము మాకు ఫలాని దిక్కునుండి వినబడుచున్నదని చెప్పుట దాని పని. అప్పటికి అది క్రొత్త విద్య. డెల్ఫీ అడిగెను, కేంద్రమువారు చెప్పిరి. వారి మాటచొప్పున ఓడలు ఇంకను ఉత్తరముననే యున్నవి, మలుపు ఇంకను రాలేదు. ఓడవారి లెక్కచొప్పున మలుపు వచ్చియేయున్నది. రెండిటిలో ఏదో యొకటి తప్పు. తీరమువారు దిక్కు తారుమారుగా చెప్పియుందురని ఓడవారు తలంచిరి.

మరియొక మార్గముండెను. త్రాటికి సీసపుగుండు కట్టి నీటిలో విడిచి లోతు చూచినయెడల, నేల దగ్గరపడుచున్నదో లేదో తెలిసెడిది. అయితే దానికి ఓడలను నెమ్మదిపరచవలెను. వేగము తగ్గించుటకు మనస్సు రాక లోతు చూడలేదు.

రాత్రి తొమ్మిది గంటలకు డెల్ఫీ ఎడమకు, తూర్పు దిక్కునకు, తిరిగెను. విశాలమైన జలసంధిలో ప్రవేశించుచున్నామని వారి నమ్మకము. అయిదు నిమిషములలో అది హోండా అను చోట శిలలకు కొట్టుకొనెను. వెనుకవచ్చు ఓడలు ఒకదాని తరువాత ఒకటిగా అదే మంచులోనికి తిరిగి అవే శిలలపై పడినవి. మొత్తము ఏడు నాశనమయ్యెను. డెల్ఫీ మ్రోగించిన సైరను వినియే కొన్ని తప్పించుకొనెను. రెండు ఓడలు నేలను తాకియు వెనుకకు మరలి బ్రతికినవి. ఇరువదిముగ్గురు చనిపోయిరి. అందులో ఇరువదిమంది యంగ్ అను ఒక్క ఓడవారే. ఆ ఓడ కొట్టుకొనిన కొద్ది క్షణములలోనే ప్రక్కకు పొర్లిపోయెను.

ఇక్కడ మేము ఒక మాట చెప్పవలెను. వెనుకవచ్చిన ఆరు ఓడలవారిలో అవిధేయులు ఎవరును లేరు. ముందున్నవాని వెంట నడచుటయే వారి నేరము. సంఘములో పెద్దలుగా నున్నవారు, ఇంటిలో తండ్రిగా తాతగా నున్నవారు, పాఠశాలలో ఉపాధ్యాయులైనవారు దీనిని తమ మనస్సునకు తెచ్చుకొనవలెను. ఒకడు తన పొలమును తాకట్టుపెట్టి నష్టపడిన ఆ నష్టము భార్యాపిల్లలదియు అగును. ఒక పెద్ద తన పంతముకొరకు రెండు కుటుంబములను విడదీసినయెడల, వెనుకవచ్చు పిల్లలు ఆ పగను ఎందుకో తెలియకయే మోయుదురు. ముందు నడచువాడు మంచులో వేగము తగ్గించనియెడల తాకుడు అతనికి ఒక్కనికే తగులదు.

ఇప్పుడు పాఠ్యభాగమును తెరువుడి. పౌలు ఎక్కిన ఓడ అలెక్సంద్రియది. ఇటలీకి గోధుమలు మోసుకొనిపోవుచుండెను. అందులో 276 మందియుండిరి. అప్పటికే శీతకాలము సమీపించెను. ఇక ముందుకు పోకూడదని పౌలు హెచ్చరించెను. శతాధిపతి పౌలు మాటకంటె ఓడ నడుపువాని మాటను, ఓడ యజమానుని మాటను ఎక్కువగా నమ్మెను. దీనికి శతాధిపతిని ఎక్కువగా నిందించుటకు మాకు మనస్సొప్పదు. ఖైదీయొకడు ఒకటి చెప్పుచుండగా, సముద్రమెరిగిన ఇద్దరు మరియొకటి చెప్పినయెడల మనలో ఎందరు ఖైదీ మాట వినెదము? పైగా దక్షిణపు గాలి మెల్లగా విసరుచుండెను. అనుకూలముగానున్న దినమున హెచ్చరిక ఎప్పుడును వెఱ్ఱిగానే కనబడును. అయితే ఆ శతాధిపతి తరువాత మారెను. ఆ సంగతి కొంచెము సేపటిలో చూతము.

పెనుగాలి పట్టుకొనిన తరువాత చాల దినములు సూర్యుడైనను నక్షత్రములైనను కనబడలేదు. చదువరులు దీనిని కేవలము భయంకరమైన వర్ణనగా చదివి దాటిపోవుదురు. ఆ కాలపు ఓడవారికి దిక్సూచి లేదు. పగలు సూర్యుడు, రాత్రి నక్షత్రములు, అప్పుడప్పుడు కనబడు తీరము, ఇవే వారికి దారి. ఇవి మూడును పోయినవి. అది గాలివాన, హోండాయొద్ద మంచు. కన్ను పోయిన సంగతి మాత్రము రెండుచోట్ల ఒక్కటే.

పదునాలుగవ రాత్రి, అర్ధరాత్రివేళ, నావికులు నేల దగ్గరపడుచున్నదని పసిగట్టిరి. ఎట్లు పసిగట్టిరో లూకా వ్రాయలేదు. ఒడ్డున అలలు విరుగు చప్పుడు విని యుందురని పండితులు తలంతురు. అప్పుడు వారేమి చేసిరో 28వ వచనములో నున్నది. బుడుదు వేసి చూచిరి. బుడుదు అనగా ఇందాక చెప్పిన త్రాడు, సీసపుగుండు. మొదట ఇరువది బారలు, అనగా సుమారు 120 అడుగులు. కొంచెము దూరము పోయి మరల వేసిరి. పదునైదు బారలు, అనగా 90 అడుగులు. ఒక్కసారి వేసినయెడల లోతు మాత్రమే తెలియును. రెండవసారి వేసినందువలన తాము నేలవైపునకే పోవుచున్నామని తెలిసినది. పదునాలుగు దినములు సరిగా భోజనము లేక వణకుచున్న మనుష్యులు ఓపికతో రెండవమారు త్రాడు వదలిరి. ఎంత లోతుననున్నామో తెలిసికొనుటకు హోండాయొద్ద నావికాదళమువారికి తీరికలేకపోయెను. ఈ ఆకలిగొన్నవారికి తీరిక దొరకెను. మేము ఈ అధ్యాయమును ఎన్నిసారులు చదివినను ఈ వచనము యొద్ద ఆగిపోవుచుందుము.

తరువాత వారు ఓడ వెనుకభాగమగు అమరమునుండి నాలుగు లంగరులు వేసిరి. లంగరు ముందు భాగమునుండి వేయుట వాడుక. ముందునుండి వేసినయెడల గాలికి ఓడ వెనుదిరిగిపోవును. వెనుకనుండి వేసినందువలన ఓడ ముఖము నేలవైపుననే నిలిచెను. తెల్లవారినప్పుడు త్రాళ్లు కోసి తిన్నగా ఒడ్డుకు పోనిచ్చుటకు వీలాయెను. నాలుగు లంగరులు వేసి వారు చేసిన పని, ఎప్పుడు తెల్లవారునాయని కాచుకొనుట.

లంగరు పట్టు తప్పినయెడల ఏమగునో విశాఖపట్నమువారు ఇటీవల కన్నులార చూచిరి. 2020 అక్టోబరు 13వ తేదీన తీవ్ర వాయుగుండము తీరము దాటిన వేళ, బంగ్లాదేశమునకు చెందిన 'మా' అను సరకు ఓడ, రేవు వెలుపల లంగరు వేసికొనియున్నది కాస్తా, పెనుగాలికి కొట్టుకొనివచ్చి తెన్నేటి పార్కు యొద్ద రాళ్లమీద చిక్కుకొనెను. అందులోని పదునైదుగురును క్షేమముగా బయటపడిరి. తరువాత చాల దినములు ఆ ఓడ ప్రక్కను నిలిచి ఫొటోలు తీయించుకొనుటకు జనము పోవుచుండిరి. మన సంఘపు యువకులును పోయిరి; ఆ ఫొటోలు మాకు చూపిరి. అప్పుడే వారితో ఈ 27వ అధ్యాయము చదివించియుండవలసినది గాని పంటకోతల పనివలన కూటములు సాగలేదు.

ఇక రక్షణ సంగతి. హోండాయొద్ద ఏడు ఓడలలో కలిపి ఏడువందలకు పైగా మనుష్యులుండగా, ఇరువదిముగ్గురు తప్ప తక్కినవారందరు బ్రతికిరి. ఆ చీకటి, ఆ మంచు, శిలలపై విరుగు అలలు, నీటిమీద పరచుకొనిన నల్లని నూనె తలంచుకొనిన ఇది ఆశ్చర్యము. పొర్లిపోయిన యంగ్ ఓడ ప్రక్కభాగమును పట్టుకొని డెబ్బదిమంది వ్రేలాడుచుండిరి. దగ్గరలో చాన్సీ అను ఓడ చిక్కుకొని నిలువుగా నుండెను. ఆర్థర్ పీటర్సన్ అను నావికుడు ఒక త్రాడు పట్టుకొని ఆ నీటిలో దుమికి చాన్సీవరకు ఈదెను. వారు అతనిని పైకిలాగి త్రాడు బిగించిరి. ఏడుగురు పట్టు చిన్న తెప్పయొకటి ఆ త్రాటి వెంబడి పదునొకండు మారులు అటునిటు పోయి డెబ్బదిమందిని దాటించెను. ఓడ అధిపతియు అతని సహాయకుడును కట్టకడపట వచ్చిరి. తీరము వెంట రైలుదారియుండెను. ఆ దారి బాగుచేయు గ్యాంగువారు సంగతి తెలిసికొని సహాయమునకు వచ్చిరి. వేరొక శిలమీద చిక్కినవారిని అటు వచ్చిన చేపలపడవయొకటి ఎక్కించుకొనెను. యుద్ధనౌకలవారు గ్యాంగుకూలీల చేత, జాలరుల చేత రక్షింపబడిరి. మన ఊరిలో రైలు గ్యాంగులలో పనిచేయు ఇండ్లు ఎన్నో యున్నవి గనుక దీనిని ప్రత్యేకముగా చెప్పుచున్నాము.

విచారణలో వాట్సన్ ఎవరిమీదను నెపము వేయలేదు. బాధ్యత తనదేనని, తక్కినవారిని నిందింపవద్దని చెప్పెను. ముందు నడచినవాడు ముందు నిలువబడి నింద మోయుట మనము తరచుగా చూడని సంగతి. తప్పును తప్పనుచునే దీనినిగూర్చి ఆయనను గౌరవింపవలెను.

మెలితే తీరమున శతాధిపతి వంతు వచ్చెను. ఓడ ముందుభాగము నేలలో నాటుకొనిపోగా, అమరము అలల దెబ్బకు బ్రద్దలగుచుండెను. ఖైదీలు ఈది పారిపోవుదురేమోయని సైనికులు వారిని చంపుటకు ఆలోచించిరి. శతాధిపతి పౌలును బ్రతికింపగోరి ఆ ఆలోచనను అడ్డగించెను. అంతకుముందు రాత్రి నావికులు లంగరులు వేయు మిషతో పడవ దింపుకొని తప్పించుకొనజూచినప్పుడు పౌలు చెప్పగానే సైనికులు పడవ త్రాళ్లు కోసివేసిరి. మొదట పౌలు మాటను త్రోసివేసిన మనిషి ఇప్పుడు ఆ మాటపైన ఓడలోని ఒకే పడవను పోగొట్టుకొనుటకు ఒప్పుకొనెను. నడుమ జరిగినదేమి? పదునాలుగు దినములు. మన ఇండ్లలో మాట వినని కుమారుని విషయమై, అలుగుకొని పోయిన సహోదరుని విషయమై నిరాశపడువారు ఈ లెక్క జ్ఞాపకముంచుకొనవలెను. ఆదివారపు తరగతిలో ఈ ప్రశ్న అడిగి, తొందరపడక జవాబులు రానిండు: శతాధిపతి మనస్సు ఏ వచనము యొద్ద మారినది?

ఈత వచ్చినవారు ముందుగా దుమికిరి. రానివారు పలకలమీదను, ఓడ చెక్కలమీదను ఒడ్డుకు చేరిరి. ఓడ పోయినది, గోధుమలు పోయినవి. 276 మందిలో ఒక్కడును పోలేదు. విరిగిన ఓడయే ఈతరాని వారికి తెప్పయైనది.

ఇప్పటి ఓడలలో రాడారున్నది, ఉపగ్రహములవలన స్థలము తెలుపు యంత్రమున్నది. చింతపల్లి, కోనాడ తీరములలో వేటకు పోవు మన జాలరులలోను ఫోనులేని వారు అరుదు. అయినను 1972లో దేశములన్నియు ఒప్పుకొని వ్రాసికొనిన సముద్రపు నియమములు మంచులో చెవిని విడిచిపెట్టలేదు. ఇంజనుతో నడుచు ఓడ రెండేసి నిమిషములకు మించని ఎడముతో ఒక దీర్ఘమైన కూత వేయవలెను. లంగరు వేసినది నిమిషమునకొకసారి అయిదు సెకనులపాటు గంటను వడిగా మ్రోగింపవలెను. నేలలో చిక్కుకొనిపోయిన ఓడకు వేరుగా ఒక గుర్తు కలదు. ఆ గంటకు ముందు మూడు దెబ్బలు, తరువాత మూడు దెబ్బలు విడివిడిగా కొట్టవలెను. కనబడని ఇతర ఓడలవారు ఆ మూడు దెబ్బలు వినినయెడల, ఇచ్చట లోతు లేదు, ఒకరు చిక్కుకొనియున్నారు అని గ్రహింతురు. చిక్కుకొనినవాడు సిగ్గుపడి గంట కొట్టక ఊరకుండుటకు నియమము ఒప్పుకొనదు. డెల్ఫీ సైరను మ్రోగింపక మౌనముగా నుండినయెడల హోండాయొద్ద పోయినవి ఏడు ఓడలతో ఆగియుండునా యని అడుగవలసియున్నది. అప్పుల పాలైనవారు, త్రాగుడులో చిక్కినవారు మన మధ్య గంట కొట్టుటకు జంకుచున్నారు. వారు కొట్టిననాడు సంఘములో ఎవరును నవ్వకుండునట్లు చూచుట పెద్దల పని.

28వ అధ్యాయము మొదటి వచనముల యొద్ద పాఠము ముగియుచున్నది. ఆ ద్వీపవాసులు యూదులు కారు, గ్రీకుభాష మాటలాడువారును కారు. వర్షము కురియుచు చలిగా నున్నందున నిప్పు రాజవేసి 276 మందిని దగ్గరకు చేర్చుకొనిరి. వారు ఎవరో, ఏ నేరముమీద రోమునకు పోవుచున్నారో ముందుగా విచారింపలేదు. రెండు వారములు ఓడలో అందరికిని ధైర్యము చెప్పిన పౌలు, తడిసిన బట్టలతోనే వంగి, ఆ నిప్పులో వేయుటకు పుల్లలు ఏరుచుండెను.